యాక్సిస్ అండ్ ఎలైస్ 1942 టీమ్ ఆట: ఆరో రౌండ్‌లో మాస్కో పోయింది. పాచికల వల్లా, మా వల్లా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఐదుగురు కూర్చుని రెండో ప్రపంచ యుద్ధం మీద ఉన్న ఈ బోర్డు ఆటలో 1942 సెకండ్ ఎడిషన్ ఆడారు. ఎలైస్ (మిత్రదేశాల) వైపు మీరు ముగ్గురు, రష్యా, బ్రిటన్, అమెరికా తలా ఒకటి. అవతల యాక్సిస్ వైపు జర్మనీకి ఒకరు, జపాన్‌కి ఒకరు. ఏడు గంటలు నువ్వా నేనా అన్నట్టు సాగిన ఆట ఆరో రౌండ్‌లో జర్మనీ మాస్కోని పట్టుకోవడంతో ముగిసింది. ఆఖరి యుద్ధంలో మీ మొదటి రోల్‌కి 4 హిట్లే (శత్రువు యూనిట్‌ని తీసేసే దెబ్బలు) పడ్డాయి కాబట్టి పాచికలే ముంచాయని మీలో ఇద్దరు అంటున్నారు. మూడోవారు రష్యా ఆడినవారిని తప్పుపడుతున్నారు. ఏది నిజం, తర్వాతి ఆటకి ఏం మార్చుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను: పాచికలూ కాదు, రష్యా ఒక్కటే కూడా కాదు. మూడో రౌండ్‌లో బ్రిటన్, అమెరికా పెట్టిన ఖర్చులో ఒక్క ఐపీసీ (ఈ ఆటలో డబ్బు) కూడా ఆరో రౌండ్ నాటికి మాస్కో చేరలేదు. మీరు రాసిన కొనుగోళ్ల జాబితా చూస్తే ఓటమి అక్కడే కనిపిస్తుంది. ఆఖరి యుద్ధం దాని ఫలితం మాత్రమే. ఎలా అన్నది వెనక నుంచి ముందుకి లెక్కేసి చూపిస్తాను, ఎందుకంటే టీమ్ ఆటని సమీక్షించడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

ఆఖరి యుద్ధం లెక్క

జర్మనీ 10 ఇన్‌ఫాంట్రీ (కాల్బలం), 4 ఆర్టిలరీ (ఫిరంగులు), 4 ట్యాంకులు, 2 ఫైటర్ విమానాలతో వచ్చింది. మాస్కోలో మీకు 12 ఇన్‌ఫాంట్రీ, 2 ఆర్టిలరీ, 2 ట్యాంకులు, 2 ఫైటర్లు ఉన్నాయి. ఏఏ గన్లు (విమానాలని కూల్చే తుపాకులు) అంతకుముందే పోయాయని రాశారు.

దాడి పాయింట్లు కూడదాం (పాచిక మీద యూనిట్ పాయింటు గానీ అంతకంటే తక్కువ గానీ పడితే హిట్). ఒక్కో ఆర్టిలరీ ఒక్కో ఇన్‌ఫాంట్రీని 1 నుంచి 2కి పెంచుతుంది కాబట్టి నలుగురు ఇన్‌ఫాంట్రీకి 8, మిగతా ఆరుగురికి 6, ఆర్టిలరీకి 8, ట్యాంకులకి 12, ఫైటర్లకి 6. మొత్తం 40. మీ డిఫెన్స్: ఇన్‌ఫాంట్రీకి 24, ఆర్టిలరీకి 4, ట్యాంకులకి 6, ఫైటర్లకి 8. మొత్తం 42. ఆరుతో భాగిస్తే వాళ్లకి సగటున 6.7 హిట్లు, మీకు 7.

పైకి మీదే పైచేయిలా ఉంది. "42 ఉంది కదా, నిలబడతాం" అని మీరు అనుకున్నది ఇందుకే. కానీ మొదటి రోల్ పాయింట్లు ఒక్కటే చూస్తే ఎప్పుడూ ఇలాగే మోసపోతాం. జర్మనీ ముందు పోగొట్టుకునేది 1కి కొట్టే ఇన్‌ఫాంట్రీని. మీరు ముందు పోగొట్టుకునేది 2కి కొట్టే ఇన్‌ఫాంట్రీని. పైగా వాళ్ల యూనిట్లు 20, మీవి 18. కాబట్టి ఒక్కో రోల్ అయ్యేకొద్దీ మీ బలం వాళ్లకంటే వేగంగా కరుగుతుంది.

సగటు పాచికలతో నడిపి చూడండి. మొదటి రోల్ తర్వాత వాళ్లకి 13 యూనిట్లు, 32 పాయింట్లు. మీకు 11 యూనిట్లు, 28 పాయింట్ల చిల్లర. రెండో రోల్ తర్వాత వాళ్లు 8, మీరు 6. మూడో రోల్ తర్వాత వాళ్లు 5, మీరు 2. నాలుగో రోల్‌తో మీ పని అయిపోతుంది, వాళ్లకి సుమారు రెండు ట్యాంకులు, రెండు ఫైటర్లు మిగులుతాయి. అంటే మీకు మొదటి రోల్‌లో సరిగ్గా 7 పడినా సగటున మాస్కో పోయేదే. ఇక 4 పడటం అంత వింతేమీ కాదు. ఈ డిఫెన్స్‌తో 4 గానీ అంతకంటే తక్కువ గానీ రావడం సుమారు పదింటికి ఒకసారి జరుగుతుంది. ఏడు గంటల ఆటలో అలాంటి రోల్స్ రెండు వైపులా చాలానే ఉండి ఉంటాయి. మీకు అనుకూలంగా పడ్డవి ఎవరూ గుర్తుపెట్టుకోరు, అంతే తేడా.

ఇప్పుడు అదే మాస్కోలో రెండు బ్రిటిష్ ఫైటర్లు అదనంగా ఉన్నాయనుకోండి. డిఫెన్స్ 50, యూనిట్లు 20. మొదటి రోల్‌లో మీకు సగటున 8 హిట్లు. తర్వాత వాళ్లు 12, మీరు 13. రెండో రోల్ తర్వాత వాళ్లు 6 కూడా ఉండరు, మీరు 8. మూడో రోల్ తర్వాత వాళ్లకి ఒక్కటి మిగిలితే మీకు ఐదారు. యుద్ధం తిరగబడింది. 20 ఐపీసీల విలువైన రెండు విమానాలు మొత్తం ఆట ఫలితాన్ని మార్చేవి. జర్మనీ ఆటగాడికీ లెక్క వచ్చు కాబట్టి ఆ రెండు అక్కడ దిగి ఉంటే అసలు దాడికే వచ్చేవాడు కాదు.

ఆ రెండు ఫైటర్లు ఎప్పుడు కొనాల్సింది?

అసలు విషయం ఇక్కడుంది, కాస్త నిదానంగా చదవండి.

జర్మనీ దాడి ఆరో రౌండ్‌లో. బ్రిటన్ టర్న్ జర్మనీ తర్వాత వస్తుంది. కాబట్టి బ్రిటిష్ ఫైటర్లు ఐదో రౌండ్ బ్రిటన్ టర్న్‌లోనే మాస్కోలో దిగి ఉండాలి. లండన్ నుంచి మాస్కో ఫైటర్‌కి ఒక్క టర్న్‌లో అందదు. ఫైటర్ నాలుగు అడుగులే (బోర్డు మీద నాలుగు ప్రాంతాలే) వెళ్తుంది. మధ్యలో ఆర్కేంజెల్‌లోనో వెస్ట్ రష్యాలోనో ఆగాలి. అంటే నాలుగో రౌండ్‌లో లండన్‌లో లేవాలి. కొన్న యూనిట్లు టర్న్ చివర్లో బోర్డు మీదకి వస్తాయి కాబట్టి కొనాల్సింది మూడో రౌండ్‌లో.

మూడో రౌండ్‌లో మీ బ్రిటన్ ఏం కొంది? రెండు డిస్ట్రాయర్లు, ఒక ట్రాన్స్‌పోర్ట్. 23 ఐపీసీలు. ఆ నౌకలు ఆరో రౌండ్ దాకా ఒక్క యుద్ధంలో కూడా పాల్గొనలేదని మీరే రాశారు.

ఇక్కడొక జాగ్రత్త: మధ్యలో ఆగే చోటు జర్మనీ ఐదో రౌండ్ దాడికి అందకూడదు. మీ ఆటలో జర్మనీ ఐదో రౌండ్‌లో వెస్ట్ రష్యాలోకి వచ్చింది. కాబట్టి అక్కడ దిగితే ఫైటర్లు కూడా పోయేవి. ఆర్కేంజెల్‌లో కనీసం ఇద్దరు ముగ్గురు రష్యన్ ఇన్‌ఫాంట్రీని తోడు ఉంచితే జర్మనీ అటు బలగం చీల్చాల్సి వచ్చేది. అలా చీల్చితే వెస్ట్ రష్యా మీద దాడి పలచబడుతుంది. రెండూ మీకు మంచివే.

ఇంకో దారి ఇండియా. అక్కడి నుంచి పర్షియా, కాకసస్, మాస్కో, మూడే అడుగులు. మూడో రౌండ్‌లో ఇండియా ఫ్యాక్టరీలో ఫైటర్లు పెట్టి ఉంటే నాలుగో రౌండ్‌లోనే నేరుగా మాస్కో చేరేవి.

టర్న్ వరుసే టీమ్ ఆటకి వెన్నెముక

రష్యా, జర్మనీ, బ్రిటన్, జపాన్, అమెరికా, మళ్లీ రష్యా. ఈ చక్రాన్ని కాగితం మీద గుండ్రంగా గీసి బోర్డు పక్కన పెట్టుకోండి. చిన్న పనిలా ఉంటుంది గానీ ముగ్గురి మధ్య సగం గొడవలు దాంతోనే తీరతాయి.

ఈ చక్రంలో శత్రువు టర్న్ అడ్డం రాకుండా వరుసగా ఆడే జోడీ ఒక్కటే ఉంది: అమెరికా, ఆ వెంటనే రష్యా. యాక్సిస్‌కి అలాంటి జోడీ లేదు. అమెరికా ఒక ప్రాంతాన్ని ఖాళీ చేస్తే, యాక్సిస్ పూడ్చుకునేలోపు రష్యా ట్యాంకులు అందులోంచి దూసుకుపోవచ్చు. అమెరికా ఒక స్టాక్‌ని (ఒకే చోట చేరిన సైన్యాన్ని) సగం కొట్టి వెనక్కి తగ్గితే, మిగతా సగాన్ని రష్యా వెంటనే పూర్తి చేయొచ్చు. రెండు దేశాల సేనలు కలిసి ఒకే దాడి చేయకూడదన్నది నియమం. కానీ ఈ జోడీలో దాదాపు కలిసి కొట్టినట్టే. మీ ఆటలో అమెరికా తను ఆడిన ఐదు రౌండ్లలో ఒక్కసారి కూడా దీన్ని వాడలేదు.

యాక్సిస్ మాత్రం తన దగ్గరున్న సందుని చక్కగా వాడుకుంది. జర్మనీ ఐదో రౌండ్‌లో వెస్ట్ రష్యా పట్టింది. పట్టిన టర్న్‌లోనే అక్కడ తన విమానాలు దింపడానికి నియమం ఒప్పుకోదు. కానీ తర్వాత జపాన్ టర్న్ వచ్చినప్పుడు అది మిత్రుడి నేల కాబట్టి జపాన్ ఫైటర్లు హాయిగా దిగాయి. రష్యా ఎదురుదాడి చేసే సమయానికి అక్కడ ఒక్కొక్కటి 4కి డిఫెండ్ చేసే మూడు జపాన్ ఫైటర్లు కూర్చున్నాయి. "అనుకోకుండా వచ్చాయి" అని రాశారు. ఈ ఎత్తు బాగా ఆడేవాళ్ల మధ్య మామూలే. జర్మనీ ముందుకు అడుగేసే ప్రతిసారీ జపాన్ ఫైటర్లు అక్కడికి నాలుగు అడుగుల దూరంలో ఎన్ని ఉన్నాయి అని రష్యా ఆటగాడు లెక్కపెట్టాలి.

అలా దిగిన తర్వాత కూడా రష్యా ఆడేలోపు అమెరికా టర్న్ ఉంది. జపాన్ దిగకముందు బ్రిటన్ టర్న్ ఉంది. అంటే వెస్ట్ రష్యా స్టాక్‌ని బలహీనపరచడానికి మీకు రెండు అవకాశాలు దొరికాయి. వాటిని వాడుకోవడానికి దగ్గర్లో బాంబర్లు గానీ సైన్యం గానీ లేకపోవడమే మీ సమస్య.

ఎలైస్‌కి పనికొచ్చే మరో సందు: అమెరికా విమానాలు మాస్కోలో దిగితే వెంటనే రష్యా ఆడుతుంది, ఆ తర్వాతే జర్మనీ. కాబట్టి ఎంత బలం ఉందో కళ్లారా చూసి రష్యా తన కొనుగోలు నిర్ణయించుకోవచ్చు.

రష్యా వైపు తప్పులు లేవా అంటే, ఉన్నాయి

మొదటి రౌండ్‌లో 24 ఐపీసీలకి నాలుగు ట్యాంకులు. నాలుగు ట్యాంకులంటే డిఫెన్స్‌లో 12 పాయింట్లు, నాలుగు దెబ్బలు తట్టుకునే శక్తి. అదే 24కి ఎనిమిది ఇన్‌ఫాంట్రీ కొంటే 16 పాయింట్లు, ఎనిమిది దెబ్బలు. మొదట్లో రష్యాకి కావలసింది ఇన్‌ఫాంట్రీ, వాటికి తోడు రెండు మూడు ఆర్టిలరీ. ట్యాంకు కొనడం తప్పని కాదు. దూరంగా ఉన్న రెండు మూడు చోట్లకి ఒకే చోటు నుంచి అందేలా ఒకటో రెండో ఉంటే మంచిదే. కానీ మొత్తం డబ్బు వాటికే పోయకూడదు.

రెండోది, మొదటి టర్న్‌లోనే వెస్ట్ రష్యా, ఉక్రెయిన్, బెలోరష్యా మూడింటి మీదా పడటం. ఉక్రెయిన్‌లో జర్మన్ ఫైటర్ ఉంటుంది కాబట్టి అది అందరినీ ఊరిస్తుంది. దాన్ని కొట్టడం మంచి దెబ్బే. కానీ మూడు చోట్లా పలచగా గెలిస్తే ప్రతి చోటా ఒకటో రెండో యూనిట్లు మిగులుతాయి, జర్మనీ వాటిని ఏ నష్టమూ లేకుండా ఊడ్చేస్తుంది. మీకు అదే జరిగింది: గెలిచిన మూడు చోట్లలో రెండు వెంటనే పోయాయి, ట్యాంకులన్నీ అక్కడే పోయాయి. వెస్ట్ రష్యా మీద బరువుగా పడి, రెండోదిగా ఉక్రెయిన్ గానీ బెలోరష్యా గానీ ఒక్కటే ఎంచుకోవడం నయం. రెండో దాడిలో మొదటి రోల్ బెడిసికొడితే వెనక్కి తగ్గడానికి సిగ్గుపడొద్దు.

ఆ తర్వాత రష్యా రోజువారీ పని డెడ్ జోన్ కాపాడటం. డెడ్ జోన్ అంటే ఎవరు పెద్ద స్టాక్‌తో అడుగుపెట్టినా అవతలివాడు తర్వాతి టర్న్‌లో తుడిచేయగల ప్రాంతం. ఉక్రెయిన్, బెలోరష్యా, కరేలియా అలా ఉన్నంతకాలం జర్మనీ స్టాక్ కదల్లేదు. అక్కడ చిన్న చిన్న మార్పిడులే జరుగుతాయి. శత్రువు ఒక్క ఇన్‌ఫాంట్రీని వదిలితే రెండు ఇన్‌ఫాంట్రీ, రెండు ఫైటర్లు పంపండి. 8 పాయింట్లు, సగటున ఒక హిట్ కంటే ఎక్కువే. ఫైటర్లు మాస్కోకి తిరిగొస్తాయి. నేల మీ చేతికి వస్తుంది, 2 ఐపీసీలు వస్తాయి, మీరు పోగొట్టుకునేది మహా అయితే ఆరు ఐపీసీల ఇన్‌ఫాంట్రీ. వాటిని చంపడానికి జర్మనీ కూడా మనుషుల్ని పంపాలి.

ప్రతి టర్న్ చివర రష్యా ఒకటే ప్రశ్న వేసుకోవాలి: జర్మనీ స్టాక్ ఇప్పుడు పక్క ప్రాంతంలోకి అడుగుపెడితే నేను కొట్టగలనా? "లేదు" అన్న జవాబు మొదటిసారి వచ్చిన టర్న్‌లోనే మిగతా ఇద్దరికీ చెప్పేయాలి. మీ ఆటలో అది మూడో రౌండ్ చివర అని నా అంచనా. రష్యా ఆటగాడు ఐదో రౌండ్‌లో చెప్పారు. అప్పటికి లండన్‌లో ఏం కొన్నా మాస్కో చేరే వేళ దాటిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

సముద్రం మీద పోయిన డబ్బు

బ్రిటన్ మొదటి టర్న్: ఒక క్యారియర్ (విమానాలు దిగే నౌక) 14, ఒక డిస్ట్రాయర్ 8, మూడు ఇన్‌ఫాంట్రీ 9, మొత్తం 31. క్యారియర్ మీద రెండు ఫైటర్లు. రెండో రౌండ్‌లో జర్మనీ ఐదు ఫైటర్లు, ఒక బాంబర్‌తో మొత్తం ముంచేసింది. ఇదీ దురదృష్టం కాదు. దాడి 19 పాయింట్లు, మీ డిఫెన్స్ క్యారియర్ 2, డిస్ట్రాయర్ 2, ఫైటర్లు 8, మొత్తం 12. ఈ ఎడిషన్‌లో క్యారియర్ ఒక్క దెబ్బకే మునుగుతుంది. వాళ్లకి మొదటి రోల్‌లో మూడు హిట్లు, మీకు రెండు. రెండో రోల్‌కి మీ దగ్గర ఒక్కటి మిగులుతుంది. వాళ్లు రెండు మూడు విమానాలు పోగొట్టుకుని మీవి 42 ఐపీసీలు ముంచారు.

నిజానికి అదే మొదటి రౌండ్‌లో అమెరికా కూడా ఒక క్యారియర్, రెండు ఫైటర్లు, ఒక డిస్ట్రాయర్ కొంది. 42 ఐపీసీలు. కానీ పసిఫిక్‌లో. ఇవే రెండు నౌకాదళాలు అట్లాంటిక్‌లో ఒకే సీ జోన్‌లో (బోర్డు మీద ఒక సముద్ర భాగంలో) ఉంటే డిఫెన్స్ 24, ఎనిమిది దెబ్బలు తట్టుకునేవి. 19 పాయింట్లతో ఎవరూ దాని జోలికి రారు. దాడికి కలవలేకపోయినా డిఫెన్స్‌కి కలవొచ్చు కదా. బ్రిటన్ టర్న్‌కీ జర్మనీ టర్న్‌కీ మధ్య అమెరికా టర్న్ ఉంది. కాబట్టి పద్ధతి ఇదీ: అమెరికా నౌకలు బ్రిటన్ తీరానికి ఏ రౌండ్‌లో చేరతాయో లెక్కపెట్టి, బ్రిటన్ సరిగ్గా అదే రౌండ్‌లో నౌకలు కొనాలి. బ్రిటన్ బోర్డు మీద పెడుతుంది, అమెరికా వచ్చి పక్కన చేరుతుంది, అప్పుడే జర్మనీ చూస్తుంది. అంతవరకు బ్రిటన్ ఫైటర్లు, బాంబర్లు కొనుక్కోవచ్చు. వాటికి సముద్రంలో మునిగే భయం లేదు.

ఒక క్యారియర్ మీద మిత్రదేశం ఫైటర్లు కూడా దిగొచ్చు. కానీ క్యారియర్ యజమాని టర్న్‌లో అవి సరుకుతో సమానం, ఆ టర్న్‌లో దాడి చేయలేవు. ఇది మర్చిపోయి ప్లాన్ వేస్తే ఒక రౌండ్ వృథా.

అమెరికా సంగతి: మొదటి రౌండ్ పసిఫిక్, రెండు మూడు అట్లాంటిక్, నాలుగు మళ్లీ పసిఫిక్. నా దృష్టిలో మొత్తం ఆటలో అతి పెద్ద తప్పు ఇదే. ఎందుకంటే అమెరికా డబ్బు శత్రువుని తాకడానికి రెండు మూడు రౌండ్లు పడుతుంది. నాలుగో రౌండ్‌కి దిశ మార్చారంటే మొదటి మూడు రౌండ్ల 126 ఐపీసీలు ఎక్కడా గట్టిగా తగలకముందే ఆగిపోయాయన్నమాట. అట్లాంటిక్ దారికి లెక్క చాలా బాగా కుదురుతుంది కూడా. ఒక ట్రాన్స్‌పోర్ట్ 7, అందులోకి ఒక ఇన్‌ఫాంట్రీ 3, ఒక ఆర్టిలరీ 4, మొత్తం 14. అంటే 42కి మూడు నిండు నౌకలు. రెండు రౌండ్లు అలా కొంటే ఆరు నౌకలు. ఆ తర్వాత 42తో ఆరు ఇన్‌ఫాంట్రీ, ఆరు ఆర్టిలరీ ప్రతి రౌండ్ నింపొచ్చు. రానుపోను రెండు టర్న్‌లు పట్టే దారైతే నౌకలు రెట్టింపు కావాలి. ట్రాన్స్‌పోర్ట్‌కి డిఫెన్స్ సున్నా, కాబట్టి పక్కన యుద్ధనౌకలు లేకుండా ఒక్క రాత్రి కూడా వదలొద్దు.

పసిఫిక్‌ని పూర్తిగా వదిలేయమని కాదు. హోనోలులు కూడా విక్టరీ సిటీయే (గెలుపు లెక్కలోకి వచ్చే నగరమే). ఏ వైపు వెళ్తే ఆ వైపే కనీసం నాలుగు రౌండ్లు ఉండండి.

ఇండియా గురించి ఒక్క మాట. అక్కడి ఫ్యాక్టరీ రౌండ్‌కి మూడు యూనిట్లే ఇస్తుంది. జపాన్ నిజంగా వస్తే మూడు చాలవు. అయితే బ్రిటన్ టర్న్ సరిగ్గా జపాన్‌కి ముందే వస్తుంది కాబట్టి జపాన్ తర్వాతి దెబ్బలో ఎన్ని తేగలదో ముందే లెక్కపెట్టొచ్చు. నిలవదని తేలితే ఆ టర్న్‌లోనే ఫైటర్లని లేపి మాస్కోకి పంపేయండి, సైన్యాన్ని పర్షియాకి లాగండి. మీరు నాలుగో రౌండ్‌లో రెండు ఫైటర్లతో సహా ఇండియాలో పోగొట్టుకున్నారు. ఆ రెండూ మాస్కోకి మూడడుగుల దూరంలో ఉన్నవే. పైన లెక్కలో వెతికిన రెండు ఫైటర్లు కొత్తగా కొననక్కర్లేదు, మీ చేతిలోనే ఉండేవి.

ఇంకొకటి, ఇది మీకు బాధ కలిగించొచ్చు

మాస్కో పోగానే లేచిపోయారు. యాక్సిస్ గెలవడానికి 13 విక్టరీ సిటీల్లో 9 కావాలి. మొదట వాళ్లకి ఆరు: బెర్లిన్, పారిస్, రోమ్, టోక్యో, షాంఘై, మనీలా. లెనిన్‌గ్రాడ్, కలకత్తా, మాస్కో కలిపి తొమ్మిది. కానీ లెక్క చూసేది రౌండ్ పూర్తయ్యాక, అంటే అమెరికా టర్న్ అయ్యాక. జర్మనీ మాస్కో పట్టాక మీకు బ్రిటన్ టర్న్, అమెరికా టర్న్ మిగిలే ఉన్నాయి. జర్మనీ బలగం మొత్తం తూర్పున ఉంది, పారిస్‌లో మూడే ఇన్‌ఫాంట్రీ అని రాశారు. అమెరికా దగ్గర అట్లాంటిక్‌లో మూడు నిండు ట్రాన్స్‌పోర్ట్‌లు ఉన్నాయి. బ్రిటన్ బాంబర్, డిస్ట్రాయర్లు ఉన్నాయి. ఆ టర్న్‌లోనే అందుతాయా లేదా అన్నది ఆ నౌకలు ఏ సీ జోన్‌లో ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అందితే పారిస్ మీ చేతికి వచ్చి వాళ్లకి ఎనిమిదే మిగిలేవి, ఆట ఏడో రౌండ్‌కి వెళ్లేది. తర్వాత గెలిచేవారని నేననను. రాజధాని పోయిన రష్యాకి ఆదాయం ఉండదు, దాని ఖజానా జర్మనీకి పోయింది. అయినా ఆట అయిపోలేదు.

సమీక్షకి కూర్చున్నప్పుడు

వాదన తగ్గించి పని జరగాలంటే రాతలో ఉండాలి. ఒక కాగితం మీద రౌండ్, దేశం, ఆదాయం, కొన్నవి, అవి మొదటిసారి శత్రువుని తాకిన రౌండ్. ఈ ఐదు గళ్లు చాలు. ఆఖరి గడి ఖాళీగా ఉన్న ప్రతి కొనుగోలుకీ గుండ్రం చుట్టండి. మీ జాబితాకి నేను చుట్టి చూస్తే ఎలైస్ వైపు 100 ఐపీసీలు దాటాయి. ఎలైస్ మొదటి ఆదాయం మొత్తం 97, యాక్సిస్‌ది 71. అంటే ఒక రౌండ్ ఆదాయానికి మించి బోర్డు మీద ఊరికే తిరిగింది.

ప్రతి టర్న్ చివర ఫోన్‌తో బోర్డు ఫోటో తీయండి. జ్ఞాపకాలతో సమీక్షిస్తే ఎవరికి వారే తమ తప్పు లేని ఆటని గుర్తుచేసుకుంటారు.

"ఎందుకలా ఆడావు" అని అడగకండి. "ఆ టర్న్‌లో నీకు ఏ ముప్పు కనిపించింది" అని అడగండి. మీ బ్రిటన్ ఆటగాడు నౌకలు కొన్నది నార్వే మీద దిగుదామని. ఆలోచన మంచిదే, మిగతా ఇద్దరికీ తెలియదు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ముగ్గురూ మంచి ప్లాన్‌లే వేశారు, మూడూ వేరు వేరు యుద్ధాలకి.

కాబట్టి ప్రతి రౌండ్ మొదట్లో, రష్యా కొనకముందు, మూడు నిమిషాలు ముగ్గురూ మాట్లాడుకోండి. ఎక్కువ అక్కర్లేదు. రెండు రౌండ్ల తర్వాత ఎక్కడ పెద్ద యుద్ధం జరుగుతుంది, దానికి ఎవరు ఏం పంపగలరు, అంతే. తేలకపోతే ఒకరి మాట నెగ్గేలా ముందే ఒక కెప్టెన్‌ని పెట్టుకోండి. ఇది నియమం దృష్ట్యా కూడా అవసరం. రెండు దేశాల సేనలు కలిసి డిఫెండ్ చేస్తున్నప్పుడు ఎవరి యూనిట్లు తీసేయాలో మీరు ఒప్పందానికి రాకపోతే దాడి చేసేవాడే ఎంచుకుంటాడు. అప్పుడు ముందు పోయేవి మీ ఫైటర్లే.

రెండు జట్లూ సమానంగా తెలిసినవాళ్లైతే ఈ ఎడిషన్‌లో యాక్సిస్‌కి కొంత మొగ్గుంటుంది. అందుకే చాలామంది ఎలైస్‌కి మొదట్లో కొన్ని అదనపు యూనిట్లు ఇచ్చి ఆడతారు. మీరు అదనం ఏమీ లేకుండా ఆరో రౌండ్ దాకా నిలబడ్డారు, పైగా ముగ్గురి తలలు కలపడం ఇద్దరికంటే కష్టం. రష్యా ఆడినవారికి ఈ మాట తప్పకుండా చెప్పండి. ఆయన ఆఖరి మూడు రౌండ్లు ఒక్క ఇన్‌ఫాంట్రీ కూడా వృథా చేయకుండా ఆడారు.

మళ్లీ కూర్చునే ముందు ఒక పని చేయండి. మూడో రౌండ్ బ్రిటన్ టర్న్ నాటికి బోర్డు ఎలా ఉందో ముగ్గురూ కలిసి గుర్తున్నంతవరకు సర్దండి, జర్మనీ, జపాన్ ఆడినవాళ్లనీ పిలవండి. ఆ 23 ఐపీసీల బదులు లండన్‌లో రెండు ఫైటర్లు పెట్టండి, ఇండియాలో ఉన్న రెండింటినీ నాలుగో రౌండ్‌లో మాస్కోకి లేపండి. ఆరో రౌండ్ జర్మనీ టర్న్ దాకా మాత్రమే ఆడండి, రెండు గంటల్లో అవుతుంది. వెస్ట్ రష్యాలో నిలబడ్డ జర్మనీ ఆటగాడు మాస్కో స్టాక్ లెక్కపెట్టి దాడికి వస్తాడా, ఆగుతాడా అన్నది ఆయన నోటితోనే వినండి.